గంజాయి మూట ఎక్కడ విప్పారు? విశాఖ కేసుల్లో తెగని పేచీ

గంజాయి కేసు కోర్టులో కొట్టేశారన్న వార్త వస్తే చాలు, విశాఖలో ఒకే రకం గొడవ మొదలవుతుంది. వంద కిలోలతో పట్టుబడ్డవాడు ఎలా బయటికొచ్చాడని కొందరు, పోలీసులే కేసును నీరుగార్చారని కొందరు, లాయర్లు టెక్నికల్ పాయింట్లు పట్టుకుని వేలాడుతున్నారని ఇంకొందరు. ఇప్పుడు మళ్లీ అదే నడుస్తోంది.

మన్యంలో గంజాయి ఎలా పాకింది, శీలావతి రకానికి అంత గిరాకీ ఎందుకు, ఒడిశా సరిహద్దు దాటి ఏ దారిన నర్సీపట్నం దిగుతుంది అన్నవి చాలాసార్లు రాసుకున్నవే. వాటి జోలికి వెళ్లడం లేదు. కేసు నిలబడుతుందా పడిపోతుందా అన్నది తేల్చేది 2016 జనవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు. లాయర్లు దాన్ని ‘మోహన్‌లాల్’ అని పొట్టిగా అంటారు. మాదకద్రవ్యాల చట్టం ఎన్డీపీఎస్ కింద నడిచే కేసుల్లో, అంతకుముందు కథ వేరు, ఆ తర్వాత కథ వేరు.

అంతకుముందు సంగతి చూద్దాం. ఘాట్ రోడ్డు కింద చెక్‌పోస్టు దగ్గర జీపు ఆపుతారు. వీఆర్వోలనో, దగ్గర్లోని మరో ఇద్దరినో మధ్యవర్తులుగా పిలిపిస్తారు. మూటలు దింపి తూకం వేస్తారు. అక్కడే ప్యాకెట్ విప్పి శాంపిల్ తీసి, సీలు వేసి, చీటీ అంటించి, అందరి సంతకాలతో పంచనామా రాస్తారు. ఇది పోలీసులు సొంతంగా పెట్టుకున్న పద్ధతేమీ కాదు. 1989 జూన్ 13న కేంద్రం జారీచేసిన ఉత్తర్వు, స్టాండింగ్ ఆర్డర్ 1/89, అలాగే చేయమంది. దొరికిన చోటే శాంపిల్ తీయాలి, గంజాయి అయితే 24 గ్రాముల చొప్పున రెండు, 72 గంటల్లోగా ల్యాబ్‌కు పంపాలి. ప్యాకెట్లు ఎక్కువగా ఉండి, అన్నీ ఒకేలా కనిపిస్తే, గంజాయిలో నలభై ప్యాకెట్ల వరకు ఒక లాట్‌గా కట్టి, లాట్‌కో శాంపిల్ తీస్తే సరిపోతుంది.

ఆ ఆర్డర్‌కు రెండు వారాల ముందే, అదే ఏడాది మే 29న, చట్టంలో 52ఏ అనే సెక్షన్ అమల్లోకి వచ్చింది. అది చెప్పేది వేరు. పట్టుకున్న సరుకు జాబితా, ఫొటోలు, శాంపిల్స్ మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆయన ధ్రువీకరిస్తే అవే ప్రాథమిక సాక్ష్యం, ఆపైన అసలు సరుకును తగలబెట్టేసినా కేసుకు నష్టం లేదు. ఒకటి రోడ్డు మీద శాంపిల్ తీయమంటోంది, రెండోది మేజిస్ట్రేట్ ముందు తీయమంటోంది. పాతికేళ్లకు పైగా ఈ రెండూ పక్కపక్కనే బతికాయి. స్టేషన్‌లో వాడిందేమో మొదటిది.

మోహన్‌లాల్ తీర్పు ఈ ముడిని విప్పింది. సరుకు పట్టుకునేటప్పుడే శాంపిల్ తీయాలని చట్టంలో ఎక్కడా లేదనీ, స్టేషన్‌కు చేర్చాక అధికారి మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టుకుని ఆయన సమక్షంలో, ఆయన పర్యవేక్షణలో తీయాలనీ కోర్టు చెప్పింది. స్టాండింగ్ ఆర్డర్‌కూ చట్టానికీ పొసగడం లేదని, కేంద్రం మళ్లీ చూసుకోవాలని కూడా అంది. సరుకు నిల్వ ఉండే గదుల్లోంచి మాయమైపోతుందన్న బెంగ ఆ తీర్పు నిండా కనిపిస్తుంది.

కేంద్రం చూసుకోవడానికి ఎంతకాలం పట్టింది? తీర్పుకు తగ్గ కొత్త రూల్స్ వచ్చింది 2022 డిసెంబర్ 23న. దగ్గర దగ్గర ఏడేళ్లు. ఈ ఏడేళ్లే ఇవాళ్టి గొడవకంతటికీ మూలమని నాకనిపిస్తుంది. సుప్రీంకోర్టు ఒకటి చెబితే శాఖ చేతిలోని కాగితం ఇంకొకటి చెప్పింది. సరిగ్గా ఈ కాలంలోనే విశాఖ ఏజెన్సీ మీద దాడులు పెరిగాయి. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికేశారు. కేసుల మీద కేసులు. వాటిలో రోడ్డు మీదే శాంపిల్ తీసిన ప్రతి కేసూ ఏదో ఒకరోజు కోర్టు బోనెక్కాల్సిందే.

పోలీసుల మాటా వినాలి. చింతపల్లి రోడ్డులో రాత్రి రెండింటికి బండి పట్టుకుంటే మేజిస్ట్రేట్ ఎక్కడ దొరుకుతారు, అన్ని మూటలు కోర్టు దాకా ఎలా మోస్తాం, ఉన్న సిబ్బంది ఎందరు అని వాళ్లు అడుగుతారు. ఇబ్బంది నిజమే. అయితే మేజిస్ట్రేట్ రాత్రి రెండింటికి కొండెక్కాలని తీర్పు అనలేదు. సీలు వేసి స్టేషన్‌కు చేర్చి, ఆలస్యం లేకుండా దరఖాస్తు పెట్టమంది, అంతే.

డిఫెన్స్ వైపు నుంచి చూస్తే శాంపిల్ గొడవ ఉత్త టెక్నికల్ పాయింట్‌గా కనిపించదు. గంజాయి కేసులో శిక్షను నిర్ణయించేది బరువు. కిలో లోపు అయితే ఏడాది వరకు జైలు. ఇరవై కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారానికి సరిపడా సరుకు. కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై, లక్షకు తగ్గని జరిమానా. బెయిల్ కావాలంటే నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి ఆధారాలున్నాయని కోర్టుకు అనిపించాలి. ఛార్జిషీటుకు గడువే 180 రోజులు. ఇంత బరువైన చట్టంలో తూకం, సీలు, శాంపిల్ తప్ప నిందితుడి చేతిలో ప్రశ్నించడానికి ఇంకేముంది?

క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయర్లు సాక్షులను అడిగేవి కూడా తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. నలభై ప్యాకెట్లలో ఒక శాంపిల్ తీస్తే మిగతావాటిలో ఉన్నది గంజాయేనని ఎవరు చెప్పారు? చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మల చివర్లు. వాటితో కలిసి లేని ఆకులు, విత్తనాలు లెక్కలోకి రావు. మరి కాడలు, ఆకు, ప్లాస్టిక్ టేపు అన్నీ కలిపి ఇరవై రెండు కిలోలు తూగితే, అసలు గంజాయి ఇరవై దాటిందా? పచ్చిది ఎండితే తూకం తగ్గుతుంది, పంచనామాలో రాసిన బరువు ఏ రోజుది? మధ్యవర్తి నిజంగా అక్కడున్నాడా, స్టేషన్‌కు పిలిచి సంతకం పెట్టించారా? మేజిస్ట్రేట్ ముందు మూట విప్పి ఉంటే వీటిలో సగం ప్రశ్నలు పుట్టేవే కావు.

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయికి అప్పటి డీజీపీ గౌతమ్ సవాంగ్ సమక్షంలో నిప్పు పెట్టారు. ఆ పొగ వీడియోలు దేశమంతా చూసింది. స్టేషన్లలో కుళ్లుతున్న, ఎలుకలు కొట్టేస్తున్న సరుకును వదిలించుకోవడం తప్పేమీ కాదు, మోహన్‌లాల్ తీర్పు అడిగిందీ అదే. కానీ మంట పెట్టాక ఒక్కో కేసుకు మిగిలేవి 52ఏ కాగితాలు, ఫొటోలు, ల్యాబ్‌కు వెళ్లిన శాంపిల్ మాత్రమే. ఆ కాగితాలు సరిగ్గా ఉన్న కేసుకు భయం లేదు. లేని కేసులో ప్రభుత్వ లాయరు (పీపీ) కోర్టుకు ఏం చూపిస్తారు?

2023 మేలో పంజాబ్ కేసులో, అక్టోబర్‌లో ఇంకో కేసులో సుప్రీంకోర్టు నిందితులను విడుదల చేసింది. మొదటి దానిలో పట్టుకున్నప్పుడే శాంపిల్స్ తీయడం, రెండో దానిలో 52ఏ పాటించకపోవడం కారణాలు. ఆ రెండు తీర్పుల కాపీలు పట్టుకోని డిఫెన్స్ లాయర్ ఉండడేమో. ‘గంజాయి కేసులన్నీ పోయినట్టే’ అన్న మాట అప్పుడు పుట్టింది.

అలా జరగలేదు. 2024 డిసెంబర్ 20న 52ఏ లోపం ఒక్కటే బెయిల్‌కు సరిపోదని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరి 6న ఛత్తీస్‌గఢ్ గంజాయి కేసులో ఇంకో అడుగు వేసి, ఆ లోపం దానంతటదే కేసును కూల్చదని, మిగతా సాక్ష్యం నమ్మదగినదైతే శిక్ష వేయొచ్చని తేల్చింది. పైగా 52ఏ పాటించలేదన్న సంగతి ముందుగా నిందితుడే చూపించాలని, ఆ తర్వాతే బాధ్యత ప్రాసిక్యూషన్ మీదికి వస్తుందని చెప్పింది.

ఇప్పుడు విశాఖలో రెండు పక్షాలూ వాడుతున్నది ఈ తీర్పునే. పోలీసులు లోపం దానంతటదే కేసును కూల్చదన్న మొదటి సగం చదువుతారు, లాయర్లు ‘సాక్ష్యంలో పొంతన లేకపోతే’ నిందితుడికే మేలు అన్న చోటు చదువుతారు. 2024 జూలై 1 నుంచి సోదా, స్వాధీనం వీడియో తీయాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ అంటోంది కాబట్టి కొత్త కేసుల్లో ఈ పేచీ తగ్గొచ్చు. పాత కేసులకు ఆ వీడియో లేదు. అడవివరం సెంట్రల్ జైల్లో ఉన్న గంజాయి నిందితుల్లో మూట మోసినందుకు కూలి తీసుకున్నవాళ్లు, అద్దె బండి డ్రైవర్లు ఉన్నారు. తోట వేయించినవాడు, సరుకు కొన్నవాడు అక్కడ అరుదు. మేజిస్ట్రేట్ ముందు శాంపిల్ తీయలేదని ముందు చూపించాల్సింది వీళ్లే, ప్రభుత్వం ఇచ్చిన ఉచిత లాయరుతో.