దేవమాలి దారిలో ఆటోమేటిక్ గొడవ: చూడాల్సింది రెండో రాడ్డు

వానలు పడ్డాక ఒడిశా కోరాపుట్ జిల్లాలోని దేవమాలి కొండకి బళ్ళు పెరుగుతాయి, వాటితో పాటు ఆటోమేటిక్ గేర్ల బండి ఈ దారికి పనికొస్తుందా లేదా అన్న పాత తగువు కూడా కొండెక్కుతుంది. ఈసారి దాన్ని రేపింది వాట్సాప్‌లో తిరిగిన చిన్న వీడియో. కొండ దిగుతూ మలుపులో ఆగిపోయిన నల్ల మహీంద్రా తార్, ముందు చక్రాల్లోంచి పొగ, దానిమీద నీళ్ళు పోస్తున్న ఓనరు. కాలిన బ్రేకు డిస్కు మీద చన్నీళ్ళు పోయకూడదని, అది వంకర పోతుందని, పగిలినా పగులుతుందని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. వీడియో తీస్తున్నాయన మాత్రం తెలుగులో ఒక్క ముక్క అన్నాడు: "ఆటోమేటిక్ కదేటి మరి."

ఆ ముక్కతో చుట్టుపక్కల సెమిలిగుడ, పొట్టంగి, జయపురం ఊళ్ళ తెలుగు గ్రూపులు రెండుగా చీలిపోయాయి. ఆటోమేటిక్ బళ్ళను కింద నుంచే వెనక్కి పంపాలని కొందరు. హైర్ జీపుల వాళ్ళు కిరాయి పోతుందని టూరిస్టులను బెదరగొడుతున్నారని ఇంకొందరు. విశాఖ, విజయనగరం నుంచి వచ్చి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా రెండో పార్టీ.

విల్లీస్ జీపు నుంచి కమాండర్ దాకా, జిప్సీ దాకా ఉన్న పాత కొండబళ్ళ కథ ఇక్కడ ఇంటింటికీ తెలిసిందే. అది వదిలేసి నేరుగా 2020 అక్టోబర్ 2కి వద్దాం. కొత్త తార్ అమ్మకానికి వచ్చిన రోజు అది. 2010లో మొదలైన పాత తార్‌కి మాన్యువల్ గేర్లే ఉండేవి. కొత్తదానికి తొలిసారి ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కి బదులు ఆయిలు ద్వారా బలం అందించే రకం) ఆటోమేటిక్ ఇచ్చారు. అప్పటిదాకా బండిని బలంగా, నెమ్మదిగా నడిపించే లో గేరు, ఆటోమేటిక్ రెండూ ఉన్న బండి కావాలంటే ఎక్కువగా పెద్ద ఎస్‌యూవీల వైపే చూడాల్సి వచ్చేది. ఈ గొడవ గురించి రాసేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు అందరూ ఇక్కడే ఆగిపోతారు. తార్‌కి ఆటోమేటిక్ వచ్చింది, గేరు తెలియనివాళ్ళు కొండెక్కారు, బ్రేకులు కాలాయి అని తేల్చేస్తారు.

అసలు మలుపు రెండేళ్ళు దాటాక వచ్చింది. 2020లో వచ్చిన ప్రతి తార్‌లో, అది మాన్యువల్ అయినా ఆటోమేటిక్ అయినా, గేర్ రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉండేది. దాన్ని లో లోకి లాగితే చక్రాలు దాదాపు రెండున్నర రెట్లు నెమ్మదిగా తిరుగుతాయి. కంపెనీ లెక్కలో ఆ నిష్పత్తి 2.48. ఎక్కేటప్పుడు బలం అన్ని రెట్లు పెరుగుతుంది. దిగేటప్పుడు ఇంజను బండిని వెనక్కి పట్టుకునే పట్టు కూడా అంతే పెరుగుతుంది. 2023 జనవరిలో టూ వీల్ డ్రైవ్ తార్, అంటే రెండు చక్రాలకే ఇంజను బలం అందేది, దింపారు. మొదలు ధర 9.99 లక్షలు. చూపుకి అదే బండి, అదే ఎత్తు, అదే ముక్కు. లోపల పొట్టి రాడ్డు లేదు.

ఇంకో సంగతి చూడండి. ఆ టూ వీల్ డ్రైవ్‌లో 1.5 లీటర్ డీజిల్ కొంటే మాన్యువల్ ఒక్కటే దొరికేది, 2.0 లీటర్ పెట్రోల్ కొంటే ఆటోమేటిక్ ఒక్కటే. అంటే లో గేరు లేని పెట్రోల్ తార్ కొన్న ప్రతి ఒక్కరికీ ఆటోమేటిక్కే వచ్చింది. కొండ దారిలో నిలబడి చూసేవాడికి ఏం కనబడుతుంది? ఆటోమేటిక్ తార్ పొగలు కక్కుతోంది. లోపల లో గేరు ఉందో లేదో బయటినుంచి ఎవరికి తెలుస్తుంది? వీడియో మీద అన్ని మెసేజ్‌లు పడ్డాయి, అది ఫోర్ బై ఫోరేనా, అంటే నాలుగు చక్రాలకూ బలం అంది, పొట్టి రాడ్డు కూడా ఉన్న బండేనా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. తర్వాతి మోడళ్ళదీ ఇదే తీరు. 2022 స్కార్పియో ఎన్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే ఇచ్చారు. 2024 ఆగస్టులో తార్ రాక్స్ వచ్చినప్పుడు కూడా పెట్రోల్‌కి లేదు. 2023 మారుతి జిమ్నీ దీనికి భిన్నం. అందులో అయిదు గేర్ల మాన్యువల్ తీసుకున్నా, నాలుగు గేర్ల ఆటోమేటిక్ తీసుకున్నా పొట్టి రాడ్డు వస్తుంది.

జీపు డ్రైవర్ల మాట ఇప్పుడు వినాలి. వాళ్ళు ఆటోమేటిక్‌ను తిడుతున్నారు కానీ వాళ్ళు చూసేది బండి దిగే తీరు. ఈ ప్రాంతంలో డ్రైవింగ్ అంటే సాలూరు నుంచి సుంకి ఘాటీ మీదుగా పైకి వచ్చే విద్య. సాలూరు లారీల ఊరు. అక్కడ క్లీనరుగా చేరిన కుర్రాడికి మొదట నేర్పేది, ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని. 1,672 మీటర్ల దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. దానిమీదకు జీపు నడిపేవాళ్ళకు కూడా అదే మంత్రం.

పాత డ్రైవరు దిగే పద్ధతి దగ్గర్నుంచి చూడాలి. పైన బండి పూర్తిగా ఆపుతాడు. పొట్టి రాడ్డు లో లోకి లాగుతాడు, ఫస్ట్ గేరు వేస్తాడు, క్లచ్ వదిలేస్తాడు. ఆ తర్వాత రెండు కాళ్ళూ పెడళ్ళ మీంచి తీసి చెప్పులతో సహా నేలకు ఆనించి కూర్చుంటాడు. జీపు గుర్రుమంటూ మనిషి నడక వేగంతో దిగుతుంది. చేతులకు స్టీరింగ్ తప్ప వేరే పని ఉండదు. కొత్తగా ఎక్కినవాళ్ళకు ఆ చప్పుడు వింటే ఇంజను పోతుందేమోనని టెన్షన్. నిజానికి ఆ చప్పుడు వస్తున్నంతసేపూ బ్రేకులు చల్లగా ఉన్నాయని అర్థం. బ్రేకు అవసరమైతే గట్టిగా ఒకసారి తొక్కి వదుల్తాడు. గంటసేపు మెత్తగా ఆనించి ఉంచడు.

ఇలా చెయ్యకపోతే ఏమవుతుందో కూడా వాళ్ళకు తెలుసు, పుస్తకంలో చదవకపోయినా. బ్రేకు పెడల్ మీద కాలు అలాగే ఉంచితే ముందు ప్యాడ్లు కమురు వాసన వేస్తాయి. ఆ వేడి బ్రేకు ఆయిలుకు ఎక్కుతుంది. డాట్ 3 రకం కొత్త ఆయిలు 205 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి, డాట్ 4 అయితే 230. కానీ ఈ ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది. బాగా తేమ పట్టాక ఆ హద్దు డాట్ 3కి 140కి, డాట్ 4కి 155కి పడిపోతుంది. వానాకాలం ఘాట్‌లో రెండు మూడేళ్ళుగా మార్చని ఆయిలంటే ఊహించుకోండి. మరిగిందంటే పైపుల్లో ఆవిరి బుడగలు కడతాయి, పెడల్ తొక్కితే నేలకు తగులుతుంది, బండి ఆగదు. వీడియోలో ఆయన పొగ చూసి ఆగాడు, అదృష్టం. తర్వాతి మెట్టు పొగ కాదు.

అయితే ఆటోమేటిక్ ఎందుకు పట్టుకోదు? డి (డ్రైవ్) లో వదిలేస్తే గేర్‌బాక్స్ తన లెక్క ప్రకారం పై గేర్లకు పోతుంది, ఇంజను పట్టు తగ్గుతుంది. పైగా టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకూ గేరుకూ మధ్య ఆయిలు ఉంటుంది కాబట్టి, ఆ రెండింటినీ నేరుగా కలిపే లాకప్ పడనప్పుడు కొంత జారుడు తప్పదు. దీనికి మందు ఆ బండిలోనే ఉంది. చాలా ఆటోమేటిక్‌లలో ఎల్ అనో, 2 అనో, ఎం అనో ఒక అక్షరం ఉంటుంది. రాడ్డు అక్కడికి లాగితే గేరు కిందే ఉంటుంది. దాంతో పాటు లో రాడ్డు కూడా ఉంటే ఆటోమేటిక్ కూడా దాదాపు జీపులాగే దిగుతుంది. ఊళ్ళో నడిపేటప్పుడు ఆ అక్షరంతో ఎవరికీ పని పడదు. మాన్యువల్ బండి నడిపేవాడు మలుపు మలుపుకీ గేరు గురించి ఆలోచించక తప్పదు, ఆటోమేటిక్ నడిపేవాడు అసలు ఆలోచించకుండానే కొండ దిగిపోవచ్చు. జీపు వాళ్ళ కోపమంతా ఇక్కడే.

వాళ్ళేమీ ముత్యాలు కాదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో, ఒక్కోసారి ఇంజను ఆపేసి ఘాట్ దింపినవాళ్ళు అందులోనూ ఉన్నారు. ఇంజను ఆగితే కాలి తొక్కుడుకి బలం చేర్చే బ్రేకు బూస్టర్ కూడా కాసేపటికి చేతులెత్తేస్తుందని తెలిసి చేసిన పని అది.

ఆటోమేటిక్ పక్షం వాళ్ళు ఎక్కడం గురించి చెప్పేదాంట్లో తప్పు పట్టడానికి లేదు. తడిసిన ఎర్రమట్టిలో, రాళ్ళ మీద సగం దారిలో ఆగి మళ్ళీ కదలాలంటే మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ పట్టాలి, నాలుగుసార్లు పడితే క్లచ్ ప్లేటు వాసన. టార్క్ కన్వర్టర్‌కు ఆ బాధ లేదు. ఎడమ కాలితో బ్రేకు, కుడి కాలితో యాక్సిలరేటరు పట్టుకుని బండిని అంగుళం అంగుళం ఎక్కించొచ్చు. ఇది కొత్తగా కనిపెట్టిన సుఖం కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళ ఎం5 స్టువర్ట్ ట్యాంకుల్లో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సులే తిరిగాయి. ఫోర్ బై ఫోర్‌కి ఆటోమేటిక్ పెట్టి జీప్ వ్యాగనీర్ 1963 మోడల్‌గా వచ్చింది. బండి స్లోపులో ఆఫ్ అయితే గేరులోనే సెల్ఫ్ కొట్టి కదిలించే పాత చిట్కా కూడా ఇప్పటి మాన్యువల్ బళ్ళలో చాలావాటికి పనిచేయదు. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడుతుంది.

మరి ఇక్కడ ఆటోమేటిక్ అనగానే మొహం చిట్లించడం ఎక్కడ మొదలైంది? అందులో కొంత పాపం 2014లో మారుతి సెలెరియోతో మొదలైన ఏఎంటీ రకం ఆటోమేటిక్‌ది. అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని కాలికి బదులు మోటారు చేస్తుంది. ఎత్తులో ఆగి కదిలేటప్పుడు వెనక్కి జారడం, ఎక్కువసేపు నెమ్మదిగా ఎక్కితే క్లచ్ వేడెక్కడం దాని గుణం. ఆ చిన్న కార్లలో ఘాటీ ఎక్కి భయపడ్డవాళ్ళు ఆ భయాన్ని తార్‌కీ జిమ్నీకీ కలిపి అంటగట్టారు.

రిపేరు సంగతి వేరే. బ్యాటరీ చచ్చిన మాన్యువల్ జీపును నలుగురు తోస్తే స్టార్ట్ అవుతుంది, ఆటోమేటిక్‌ను నలభైమంది తోసినా కాదు. ఫోను సిగ్నల్ లేని నారాయణపట్న వైపు దారుల్లో ఇది చిన్న విషయం కాదు. గేర్‌బాక్స్ లోపల ఏదైనా పోతే విశాఖ దాకా మోసుకెళ్ళాల్సిందేనని ఇక్కడి మెకానిక్కులే చెప్తారు. పక్కనే సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్లు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టుకుని, కారు గేర్‌బాక్స్ విప్పడానికి ఘాట్ దిగాలి.

ఇప్పుడు జీపు వాళ్ళు అడుగుతున్నట్టు ఆటోమేటిక్‌లను కింద ఆపడం చట్టంతో అయ్యే పని కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో గేరు లేని మోటారు సైకిల్‌కి, గేరున్న మోటారు సైకిల్‌కి లైసెన్సు వేరువేరుగా ఉంది. కారుకి అలాంటి తేడా లేదు, ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) అంటే అన్నీ కలిపే. ఆపడమే ఉద్దేశమైతే గేర్‌బాక్స్ చూసి ఆపితే తప్పుడు బళ్ళు ఆగుతాయి. లో గేరున్న ఆటోమేటిక్ జిమ్నీ వెనక్కి పోతుంది, లో గేరు లేని మాన్యువల్ డీజిల్ తార్ పైకి పోతుంది.

జీపు వాళ్ళలోనే కాస్త వయసు మళ్ళినవాళ్ళు కొందరు ఇంకో మాట అంటున్నారు. తలుపు దగ్గర నిలబడి లోపలికి ఒకసారి చూస్తే చాలు, పొట్టి రాడ్డు ఉందా, ఉంటే నడిపే బాబుకి దాన్ని లో లోకి వెయ్యడం వచ్చా అని. రానివాళ్ళకు అక్కడే నేర్పి పంపొచ్చు, అయిదు నిమిషాల పని. రాడ్డే లేని బండి అయితే పైదాకా పోనివ్వకుండా కిందే పార్క్ చేయించి జీపులో తీసుకెళ్ళాలట. కిరాయి కూడా వాళ్ళదే అవుతుంది కాబట్టి రెండో పార్టీ ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.