ఎక్కడ ఆగుతుందో చెప్పగలరా?

కృష్ణలంక, విజయవాడ

బుజ్జికీ, దాని వెనకాల వచ్చే దండుకీ తాతయ్య ఆశీస్సులు.

నిన్న సాయంత్రం మా అరుగు మీద మీరు అయిదుగురూ ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం ముందేసుకుని ఊగుతూ అప్పజెప్పుకుంటుంటే లోపలినుంచి విన్నాను. రిలేటివ్ క్లాజ్ అనగానేమి, నౌన్ క్లాజ్ అనగానేమి అంటూ ఎక్కాలు వల్లించినట్టు వల్లించారు. చివరికి బుజ్జి పుస్తకం మూసేసి, "టెన్షన్‌గా ఉంది తాతయ్యా, ఈ రెండిటికీ తేడా చచ్చినా గుర్తుండట్లేదు" అంది. అప్పుడే చెబుదామనుకున్నాను. కానీ నోటితో చెబితే మీరు ఒక చెవి నాకిచ్చి రెండోది ఫోనుకిస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నేను టీచర్ని కాను, మీకు తెలుసు. బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుని రిటైరైనవాణ్ణి. కానీ ఈ క్లాజుల గుట్టు నాకు తెలిసింది ఆ కిటికీ దగ్గరే.

ఎంక్వైరీకి వచ్చేవాళ్ళు ప్రశ్నని సూటిగా అడగడం తక్కువ. "గుంటూరు బస్సు ఎక్కడ ఆగుతుంది?" అనరు. "బాబూ, గుంటూరు బస్సు ఎక్కడ ఆగుతుందో కాస్త చెప్తావా?" అంటారు. "ఆఖరి బస్సు ఎన్నింటికో తెలుసాండీ?" అంటారు. "మా ఆయన టికెట్ తీసుకున్నాడో లేదో చెప్పు నాయనా" అని నన్నే అడిగిన ఆవిడ కూడా ఉంది, ఆయన నాకేదో చుట్టమైనట్టు!

ఆ చివర 'ఓ' చూశారా? ఆగుతుందో, ఎన్నింటికో, తీసుకున్నాడో. ఆ ఓ తగిలించగానే ప్రశ్న కాస్తా ప్రశ్నగా ఉండటం మానేసి ఇంకో వాక్యంలో ముక్కగా చేరిపోతుంది. "నాకు ఆ సంగతి తెలియదు" అనే వాక్యం తీసుకోండి. అందులో 'ఆ సంగతి' తీసేసి అక్కడ 'బస్సు ఎక్కడ ఆగుతుందో' పెట్టండి. సరిగ్గా ఇమిడిపోతుంది. అంటే నామవాచకం కూర్చోవలసిన సీట్లో ఓ చిన్న వాక్యం తువ్వాలు వేసుకుని కూర్చుందన్నమాట. మీ పుస్తకంలో ఉన్న నౌన్ క్లాజ్ ఇదే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, అమరావతి స్తూపం చూడ్డానికి వచ్చిన ఒక తెల్లాయన కిటికీలోకి వంగి, "కుడ్ యూ టెల్ మీ వేర్ ది బస్ టు అమరావతి స్టాప్స్?" అన్నాడు. ప్లాట్‌ఫారం నంబరు చెప్పి పంపించాను గానీ ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. నేనైతే "వేర్ డజ్ ది బస్ స్టాప్" అనేవాణ్ణి. మరి ఈయన మాటలో ఆ 'డజ్' ఏమైంది? 'స్టాప్' చివర ఆ 'స్' ఎక్కడినుంచి ఊడిపడింది? డ్యూటీ దిగి టీ తాగుతుంటే వెలిగింది. ఇంగ్లీషు వాళ్ళకి మన ఓ లాంటిది లేదు. ఇది ప్రశ్న కాదు, ముక్క అని చెప్పడానికి వాళ్ళు మాటల వరసనే మారుస్తారు. నేరుగా అడిగేటప్పుడు 'డజ్' ముందుకొచ్చి నిలబడుతుంది. ముక్కగా మారాక దానికి పని లేదు. పోతూ పోతూ తన ఒంటిమీది 'స్'ని క్రియ చేతిలో పెట్టి పోతుంది. 'డిడ్' అయితే భూతకాలాన్ని పెట్టి పోతుంది. "వాట్ డిడ్ హీ సే?" అన్నది "ఐ డోంట్ నో వాట్ హీ సెడ్" అవుతుంది. 'ఈజ్' అయితే మాయమవదు, తన చోటికి తాను వెనక్కి వెళ్తుంది. "వేర్ ఈజ్ ది కౌంటర్?" అడగడం, "ఐ నో వేర్ ది కౌంటర్ ఈజ్" చెప్పడం. 'ఎవరు వచ్చారో' లాంటి చోట మాత్రం 'హూ కేమ్' అలాగే ఉంటుంది, అక్కడ 'హూ'యే కర్త కదా, జరగడానికేమీ లేదు.

కాబట్టి మనసులో తెలుగు మాట అనుకున్నప్పుడు చివర ఓ వినబడిందా, ఇంగ్లీషులో మామూలు వాక్యం వరసే వాడండి. 'ఉందో లేదో', 'వస్తాడో రాడో' అని జంటగా వస్తే 'వెదర్' వాడండి, 'ఇఫ్' అన్నా చాలాచోట్ల నడుస్తుంది. "ఐ డోంట్ నో వెదర్ ది బస్ హాజ్ లెఫ్ట్." ఈ వాక్యం నేను రోజుకి ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఇక 'అని'. ఇది తెచ్చేదీ నౌన్ క్లాజే. దీని వల్ల ఒకసారి నా పరువు పోయింది, అదీ చెబుతాను. తెలుగు రాని పై అధికారి ఒకాయన మా సెక్షన్‌లో ఉండేవాడు. ఆయన లేనప్పుడు ఇంకో ఆఫీసరు ఫోన్ చేసి రేపు వస్తానన్నాడు. నేను బుద్ధిగా వెళ్ళి, "సర్, హీ సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో" అని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "వై షుడ్ యూ కమ్? టుమారో ఈజ్ యువర్ వీక్లీ ఆఫ్" అన్నాడు. పక్క సీటతను నవ్వాపుకోలేక బయటికి పోయాడు. తప్పెక్కడ జరిగిందంటే, మన 'వస్తానన్నాడు'లో ఉన్న 'నేను' అవతలి మనిషి నేను. అతని మాటని ఉన్నదున్నట్టు మోసుకొస్తాం మనం. ఇంగ్లీషులో 'దట్' అన్నాక ఆ మాట నా నోటి మాట అయిపోతుంది, కాబట్టి 'ఐ' అంటే ఇక నేనే. "హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్" అనాలి. ఆ 'దట్' తీసేసినా ఫరవాలేదు. మనం మాత్రం? వస్తానని చెప్పాడు అంటాం, వస్తానన్నాడు అని కూడా అంటాం. రెండోదాంట్లో అని లేదు, గమనించారా?

ఇంకో గుంట కూడా ఇక్కడే ఉంది. మీలో ఒకడు నిన్న "హీ ఆస్క్‌డ్ దట్ వాట్ ఈజ్ మై నేమ్" అన్నాడు. ఎవడో చెప్పను, వాడికే తెలుసు. 'నీ పేరేంటని అడిగాడు' అనేది మనసులో ఉండి అని వచ్చింది కదా అని దట్ పెట్టాడు. 'వాట్', 'వేర్', 'వెన్' లాంటి మాట అప్పటికే ఉంటే దట్‌కి ఇక సీటు లేదు. "హీ ఆస్క్‌డ్ మీ వాట్ మై నేమ్ వాజ్." అంతే వరస.

ఇక రిలేటివ్ క్లాజ్, అంటే ఒక మనిషి గురించో వస్తువు గురించో వివరం చెప్పే చిన్న వాక్యం. దీని దగ్గర మన అలవాటు పూర్తిగా ఎదురు తిరుగుతుంది. తెలుగులో మనిషి గురించి చెప్పదలుచుకున్నదంతా ముందే చెప్పేసి, చివర మనిషిని చూపిస్తాం. 'నిన్న మధ్యాహ్నం ఎండలో తెనాలి నుంచి వచ్చిన అబ్బాయి'. అబ్బాయి ఎప్పుడొస్తాడా అని వినేవాడు ఓపిగ్గా కూర్చోవాలి. ఇంగ్లీషులో మనిషిని ముందు నిలబెట్టి, ఆ తరవాత వివరాలు: "ది బాయ్ హూ కేమ్ ఫ్రమ్ తెనాలి". మన 'వచ్చిన', 'చేసే' లాంటి మాటల్ని తెలుగు పండితులు ధాతుజ విశేషణం అన్నారు. తెలుగు వ్యాకరణం ఇంగ్లీషులో రాసినవాళ్ళు రిలేటివ్ పార్టిసిపుల్ అన్నారు. చూడండి, ఆ పేర్లో కూడా రిలేటివ్ ఉంది.

అయితే ఈ ఇంగ్లీషు వరస మనకి కొత్తేమీ కాదు. మీ నానమ్మకి పేర్లు గుర్తుండవు. "ఆ కుర్రాడు లేడూ, మొన్న మనింటికొచ్చి గొడుగు మరిచిపోయాడే, వాడు" అంటుంది. కుర్రాడు ముందు, వివరం వెనక. నానమ్మ రోజూ రిలేటివ్ క్లాజులే మాట్లాడుతోంది, పరీక్ష రాయలేదంతే.

అసలు చిక్కు ఎక్కడంటే, మన 'కొన్న' అనే ఒక్క మాట అన్ని పనులూ చేసేస్తుంది. నేను కొన్న పుస్తకం, పుస్తకం కొన్న మనిషి, పుస్తకం కొన్న షాపు, పుస్తకం కొన్న రోజు. సంబంధం ఏమిటో మనం ఊహించుకుంటాం. ఇంగ్లీషు ఊహించుకోనివ్వదు, ప్రతిదానికీ టికెట్ చూపించమంటుంది: వస్తువుకి 'విచ్' లేదా 'దట్', మనిషికి 'హూ', చోటుకి 'వేర్', రోజుకి 'వెన్'. ఆ టికెట్ లేకపోతే ఏమవుతుందో చెప్పనా? బీసెంట్ రోడ్డులో మీరు చొక్కా కొన్నారు. మర్నాడు అటు వెళ్తూ స్నేహితుడికి 'నేను కొన్న షాపు ఇదే' అని చూపించాలి. "దిస్ ఈజ్ ది షాప్ ఐ బాట్" అన్నారనుకోండి, వాడు మీకు దణ్ణం పెడతాడు. బీసెంట్ రోడ్డులో షాపే కొనేశావా అని! "ది షాప్ వేర్ ఐ బాట్ మై షర్ట్" అంటే గొడవ లేదు.

'హూజ్' మరీ చిత్రం. బ్యాగు పోయిందని ఏడుస్తూ ఒకావిడ వచ్చేది, మేము మైకులో 'బ్యాగు పోయిన ఆవిడ ఎంక్వైరీ దగ్గరికి రావాలి' అనేవాళ్ళం. పోయింది బ్యాగు, కానీ 'పోయిన ఆవిడ' అంటున్నాం! ఆ బ్యాగు ఆవిడదే అని చెప్పే మాట ఆ తెలుగు వాక్యంలో ఎక్కడా లేదు. ఇంగ్లీషులో దాన్ని బయటపెట్టాల్సిందే: "ది లేడీ హూజ్ బ్యాగ్ వాజ్ లాస్ట్". మరొక్కటి. 'హూ' వచ్చాక మళ్ళీ 'హీ' వద్దు, 'దట్' వచ్చాక చివర 'ఇట్' వద్దు. "ది బుక్ దట్ ఐ బాట్ ఇట్" అంటే ఒకే సీటు ఇద్దరికి రిజర్వ్ చేసినట్టు.

కామాల గురించి పొడుగ్గా రాయను. గుంటూరులో ఉండే మామయ్య అన్నప్పుడు, మీకు నలుగురు మామయ్యలుండి వాళ్ళలో గుంటూరాయన అని చెప్పడానికైతే కామా పెట్టొద్దు. ఉన్నదే ఒక్క మామయ్య అయితే 'హూ లివ్స్ ఇన్ గుంటూర్' అనేదానికి అటూ ఇటూ కామా పెట్టాలి, అది ఊరికే అదనంగా చెప్పిన కబురు. ప్రకాశం బ్యారేజీ ఉన్నది ఒక్కటే. అందుకని "ప్రకాశం బ్యారేజ్, విచ్ వాజ్ ఓపెన్‌డ్ ఇన్ 1957, ఈజ్ నియర్ అవర్ హౌస్" అని కామాలతో రాయాలి. అలాంటి చోట 'దట్' పనికిరాదు.

అరుగు మీద మీరడిగిన చివరి ప్రశ్న ఒకటి మిగిలింది. 'నువ్వు చెప్పింది నిజం' అనడం ఎలా అని. 'చెప్పింది', 'కావలసింది', 'జరిగింది' అని మనం దేన్ని అంటామో దానికి 'వాట్' పెట్టుకోండి. "వాట్ యూ సెడ్ ఈజ్ ట్రూ." నాకు కావలసింది కాఫీ, అంటే "వాట్ ఐ వాంట్ ఈజ్ కాఫీ." ఇది మీ నానమ్మకి తెలుగులో చెప్పినా కాఫీ రావట్లేదనుకోండి, అది వేరే విషయం.

ఆదివారం పొద్దున్న రండి. వచ్చేలోపు ఇంట్లో, ఆటోలో, పునుగుల బండి దగ్గర మీ చెవిన పడ్డ ఓలు, అనిలు, వచ్చినలు, కొన్నలు తలా పది రాసుకుని తీసుకురండి. పుస్తకం మాత్రం తేవద్దు. పునుగులు ఎవరు తెస్తారో మీలో మీరే తేల్చుకోండి.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క. నిన్న అరుగు మీద ఒక నీలం గొడుగు మిగిలిపోయింది. ఎవరిదో నాకు తెలుసు. కానీ మరిచిపోయిన మనిషి 'నేను నిన్న ఇక్కడ మరిచిపోయిన గొడుగు ఎక్కడుందో చెప్పగలరా' అని ఇంగ్లీషులో అడిగితేనే ఇస్తాను. అందులో పైన చెప్పిన రెండు రకాల క్లాజులూ ఉన్నాయి, జాగ్రత్త.