స్లాటులో పట్టింది కదా, ఇంకేం కావాలి? - గ్రాఫిక్స్ కార్డుపై అపోహలు, వాస్తవాలు

నా రిపేరు బల్ల మీదికి వచ్చే పాత కంప్యూటర్లలో చాలావరకు ఏదో ఆఫీసు వదిలించుకున్నవే. వెంట కొత్త గ్రాఫిక్స్ కార్డు (ఆటల బొమ్మలను తెరకు గీసిచ్చే భాగం) డబ్బా ఒకటి ఉంటుంది, సీలు అప్పటికే తీసేసి.

అపోహ: పాత మదర్‌బోర్డుకు కొత్త కార్డు ఎక్కదు.

వాస్తవం: ఎక్కుతుంది. కార్డును మదర్‌బోర్డుకు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో 3.0, 4.0 అంటూ తరాలు మారినా స్లాటు ఆకారం మారలేదు. 4.0 కార్డు 3.0 స్లాటులో కాస్త వేగం తగ్గించుకుని నడుస్తుంది, చాలా కార్డుల్లో ఆ తేడా కంటికి ఆనదు. ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు మాత్రం వేరు. పొడవాటి స్లాటులో కూర్చుని 4 లేన్లే (డేటా నడిచే దారులు) వాడుకుంటుంది. 3.0 బోర్డులో ఆ దారుల వేగం సగమైపోతుంది, దాని 4 జీబీ మెమరీ నిండగానే ఆట తడబడుతుంది. చవకని దీన్ని పాత కంప్యూటర్లకే కొంటారు, అది సరిపడనిదీ వాటికే.

అపోహ: పవర్ సప్లై మీద 450 వాట్లని రాసి ఉంది, చాలు.

వాస్తవం: పెద్ద అక్షరాలు కాదు, స్టిక్కరులో 12 వోల్టుల గడి చూడండి. మొన్న ఒక విద్యార్థి తెచ్చిన దాంట్లో ఆ గడిలో ఉన్నది 16 ఆంపియర్లు. హెచ్చవేస్తే 192 వాట్లు. ప్రాసెసర్ తినేదీ అందులోంచే. అతను కొన్న ఆర్‌టీఎక్స్ 4060 కార్డు ఒక్కటే 115 వాట్లు అడుగుతుంది.

"కార్డుకు కరెంటిచ్చే 8 పిన్నుల వైరు లేదన్నా, అందుకే కన్వర్టర్ పెట్టాను" అన్నాడు. హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా వైరు నుంచి తీసుకునే రకం అది. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు, 8 పిన్నులది 150 వాట్ల దారి. రెండు సాయంత్రాల ఆటకే తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగు తిరిగి, ఒక పిన్ను చుట్టూ కరిగి ముద్దయింది. దయచేసి ఆ కన్వర్టర్లు కొనకండి.

అపోహ: ప్రాసెసర్ పాతదైతే కార్డు దండగ.

వాస్తవం: ఆడే ఆటను బట్టి, తెర రిజల్యూషన్‌ను బట్టి ఉంటుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులతో మాత్రం జాగ్రత్త: బోర్డులో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే సదుపాయం) లేకపోతే వాటి పనితీరు బాగా పడిపోతుంది.

కేబినెట్‌లో కార్డు పడుతుందో లేదో తేల్చడానికి కొలత టేపు చాలు. సన్న కేబినెట్లకు సగం ఎత్తు కార్డే పడుతుంది.

ఆ విద్యార్థి చివరికి 4060 వాపసు ఇచ్చి, 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ రకం తెచ్చాడు. విడిగా పవర్ వైరు అక్కర్లేనిది. బిగించాం, ఫ్యాను తిరిగింది. ఇక మానిటర్ తగిలించబోతే అతని చేతిలో ఉన్నది పాత మానిటర్ల నీలం రంగు వీజీఏ కేబుల్. కార్డుకు ఉన్నవి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్టు.

"తమ్ముడూ, మానిటర్ గురించి నేనూ అడగలేదు" అని ఒప్పుకుని, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిప్పున్న అడాప్టర్ కోసం సొరుగు వెతికాను.