నీళ్లలో నిలబడ్డా దాహమే

ఊడ్పులైన మర్నాడు మధ్యాహ్నం కోనసీమలో చేలగట్టు మీద నిలబడి చూడండి. చేను నిండా నీళ్లుంటాయి. నాటిన వరి మొక్క మాత్రం తల వాల్చేసి, ఆకు సన్నగా చుట్టుకుపోయి, చుక్క నీరు అందనట్టు ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ కాలవ నీళ్లతో పండుతున్న నేల ఇది. ఇక్కడ, అదీ నీళ్లలోనే నిలబడి ఉన్న మొక్కకు దాహం ఏమిటి?

మొక్క పాదాల దగ్గర నీళ్లుంటే చాలదు. అవి ఆకు దాకా ఎక్కాలి. ఆకుమడిలో నారు తీసేటప్పుడు ఎంత జాగ్రత్తగా పీకినా లేత వేళ్ల కొసలు తెగుతాయి, వాటి మీద నూగులా ఉండే మూలకేశాలు మట్టిలోనే ఉండిపోతాయి. మొక్క నీళ్లు తాగేది ముఖ్యంగా వాటితోనే. ఆకులేమో ఎప్పటిలాగే ఎండకు నీటిని ఆవిరిగా వదులుతూ ఉంటాయి. వచ్చేది తగ్గింది, పోయేది తగ్గలేదు. అందుకే వాడుతుంది. ముదురు నారు నాటేటప్పుడు కొనలు తుంచమని చెబుతారు. కొనల మీదుండే కాండం తొలుచు పురుగు గుడ్లు పోతాయన్నది అసలు కారణం. ఆకు పొడవు తగ్గి, ఆవిరయ్యే నీరు కూడా తగ్గడం దానితో పాటు వచ్చే లాభం. కొత్త వేళ్లు పుట్టి నాటు మూన తిరిగేదాకా, అంటే నిలదొక్కుకునేదాకా, మొక్కకు ఈ ఇబ్బంది తప్పదు.

మూన తిరిగిందని ఆకు పచ్చదనం చూసి చెబుతాం. ఇంకో గుర్తు కూడా ఉంది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. తెల్లవారుజామున చేలోకి దిగితే ప్రతి ఆకు కొసనా ఒక నీటి బొట్టు నిలబడి ఉంటుంది. దాన్ని మంచు అనుకుంటాం. మంచు అయితే ఆకు మీద ఎక్కడపడితే అక్కడ పట్టాలి, గట్టు మీద పడి ఉన్న ఎండుగడ్డి మీదా పట్టాలి. ఈ బొట్టు మాత్రం సరిగ్గా కొసనే ఉంటుంది. వేలితో తుడిచేసి కాసేపు ఆగితే అక్కడే మళ్లీ ఊరుతుంది. అది మొక్క లోపలి నుంచి వచ్చిన నీరు. రాత్రి పూట వేళ్లు మట్టిలోని లవణాలను లోపలికి తీసుకుంటాయి, వాటి వెంట నీరూ చేరుతుంది. ఆవిరయ్యే దారి దాదాపు మూసుకుని ఉండటంతో ఒత్తిడి పెరిగి, ఆకు కొసల్లో ఉండే జలరంధ్రాల గుండా నీరు బొట్టుగా బయటికొస్తుంది. దీన్ని బిందుస్రావం అంటారు. పెరట్లో చేమ మొక్క ఉంటే అక్కడా చూడొచ్చు, పెద్ద ఆకు కాబట్టి కొస నుంచి టపటపా రాలుతుంది కూడా. కొత్తగా నాటిన చేలో ఈ బొట్లు మళ్లీ కనిపిస్తున్నాయంటే అడుగున వేళ్లు పని మొదలుపెట్టాయన్నమాట.

పొద్దెక్కాక వ్యవహారం తిరగబడుతుంది. రాత్రి వేరు కింది నుంచి తోసింది, పగలు ఎండ, గాలి పై నుంచి లాగుతాయి. ఆకు మీద కంటికి కనపడని పత్రరంధ్రాలుంటాయి, వరికైతే రెండు వైపులా ఉంటాయి. ఒక్కో రంధ్రానికీ అటొకటి ఇటొకటి రక్షక కణాలు. అవి నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకుంటుంది, మెత్తబడితే మూసుకుంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కోసం వాటిని తెరవక తప్పదు. తెరిచిన దారినే నీటి ఆవిరి బయటికి పోతుంది. వరిలాంటి మొక్క ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును పట్టుకునేలోపు కొన్ని వందల నీటి అణువుల్ని పోగొట్టుకుంటుంది. వేళ్లు తాగిన నీటిలో నూటికి 95 పాళ్లకు పైగా ఇలా పోయేదే. దీన్ని వృథా అనడానికి నాకు మనసొప్పదు. ఆవిరయ్యే నీరు ఆకులోని వేడిని పట్టుకుపోతుంది. దాళ్వా (రెండో పంట) వరి పూత మీద ఉన్నప్పుడు ఎండ ముదిరితే తాలు గింజలు పెరుగుతాయని రైతులకు తెలుసు. ఆ వేడి నుంచి వరి వెన్నును (కంకిని) కొంతైనా కాపాడేది ఈ చల్లదనమే.

ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు ఈ ఆవిరిని తూకం వేసి చూశాడు. కుండీలో పొద్దుతిరుగుడు మొక్క పెట్టి, మట్టి నుంచి తడి ఆరిపోకుండా పైన మూత బిగించి, రోజూ తూచాడు. తగ్గిన బరువంతా ఆకుల మీదుగా పోయిన నీరే. ఆ లెక్కలు 1727లో అచ్చయ్యాయి.

మరి కొబ్బరి సంగతి? 60, 70 అడుగుల పైన ఉన్న మట్టలకు నీరెలా ఎక్కుతుంది? బొండంలో స్ట్రా పెట్టి పీల్చినప్పుడు నీటిని పైకి తోసేది బయటి గాలి బరువే. ఎంత గట్టిగా పీల్చినా ఆ పద్ధతిలో నీరు సుమారు 33 అడుగులు దాటి ఎక్కదు. వేరు ఒత్తిడీ అంత ఎత్తుకు సరిపోదు. 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే శాస్త్రవేత్తలు దీనికి జవాబు చెప్పారు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆకులో కొంత నీరు ఆవిరైతే దాని వెనక ఉన్నది ముందుకు జరుగుతుంది, ఆ లాగుడు నీటిని మోసే దారునాళాల గుండా వేరు దాకా పాకుతుంది. దార తెగకూడదు. మధ్యలో గాలి బుడగ చేరిందంటే ఆ నాళం పని ఆగిపోతుంది. మామిడి, వేప లాంటి చెట్లు ఏటా కొత్త నాళాలు వేసుకుని నెట్టుకొస్తాయి. కొబ్బరికి ఆ సదుపాయం లేదు. దాని మాను ఒకసారి తయారయ్యాక లావెక్కదు, ఉన్న నాళాలతోనే కడదాకా గడపాలి. తాతల నాడు వేసిన చెట్టు మొదలు దగ్గర నీటిని మోస్తున్నవి ఆనాటి నాళాలే. అన్నేళ్లు అవి పనిచేయడం నాకు ఇప్పటికీ నమ్మలేనంత గొప్పగా అనిపిస్తుంది.

డెల్టా చివర, కోరంగి మడ అడవుల్లో ఈ లాగుడు ఇంకా తీవ్రం. అక్కడ నీటికి లోటు లేదు, కానీ అది ఉప్పునీరు. ఉప్పు అన్నది నీటిని తనవైపే పట్టి ఉంచుతుంది. సముద్రపు నీటి నుంచి మంచినీటిని వేరుచేసి లాక్కోవాలంటే సుమారు 25 వాతావరణ పీడనాల బలం, అంటే మన చుట్టూ గాలి వేసే ఒత్తిడికి 25 రెట్లు, కావాలి. 1965లో అమెరికాలో స్కోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం ప్రచురించిన కొలతల్లో మడ జాతి చెట్ల నాళాల్లోని లాగుడు 30 దాటింది. ఉప్పుపొన్న చాలావరకు ఉప్పును వేళ్ల దగ్గరే ఆపేస్తుంది. నల్లమడ, తెల్లమడ వేరు దగ్గర ఆపగా మిగిలినదాన్ని ఆకు మీది గ్రంథుల ద్వారా బయటికి తోసేస్తాయి. ఎండపూట ఆ ఆకును నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది.

వరికి ఆ గ్రంథులు లేవు. కాలవ నీరు సరిగా అందని శివారు భూముల్లో, దాళ్వాలో ఉప్పు పైకి తేలినప్పుడు వేరు నుంచి దాటొచ్చిన ఉప్పు కూడా నీటితో పాటే ఆకుల్లోకి వెళుతుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. అందుకే ముందు కొసలు తెల్లబడి ఎండుతాయి. అది చూసి తెగులనుకుని మందు కొడితే డబ్బు దండగ. మంచినీరు నిండా పెట్టి, ఉప్పు కరిగాక మురుగు కాలవలోకి వదిలి, మళ్లీ పెట్టాలి.