ప్రొజెస్టిరాన్ సీటులో కర్చీఫ్

పండగ ముందురోజు బస్టాండుకు వెళ్తే, బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపేవాళ్లు కనిపిస్తారు. ఆ కర్చీఫ్ టికెట్టు కొనదు, ప్రయాణం చేయదు. అయినా ఎక్కినవాళ్లకు ఆ సీటు లేనట్టే. అబార్షన్‌కు వాడే మిఫెప్రిస్టోన్ అనే మందు ఒంట్లో చేసేది దాదాపు ఇదే పని. అది ఆపేది ప్రొజెస్టిరాన్ హార్మోను కూర్చోవాల్సిన సీటును.

ప్రతి నెలా అండం విడుదలయ్యాక, అది ఉన్న చిన్న సంచి పసుపురంగు ముద్దగా మారి ప్రొజెస్టిరాన్ తయారుచేస్తుంది. రక్తంలో తిరిగే ఈ హార్మోను గర్భసంచి కణాల్లోని రిసెప్టర్లు అనే సీట్లలో కూర్చుంటేనే పని మొదలవుతుంది. లోపలి పొర మెత్తగా, పిండం నిలవడానికి వీలుగా తయారవుతుంది. కండరం బిగుసుకోకుండా నిమ్మళంగా ఉంటుంది. గర్భసంచి ముఖద్వారం గట్టిగా మూసుకుంటుంది. గర్భం రాకపోతే రెండు వారాల్లో పసుపు ముద్ద వాడిపోయి, ప్రొజెస్టిరాన్ పడిపోయి, ఆ పొర ఊడి నెలసరి వస్తుంది. గర్భం వస్తే మాత్రం, ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండో గీత పడేలా చేసే హెచ్‌సీజీ హార్మోనే ఆ ముద్దను బతికిస్తుంది. తర్వాత కొన్ని వారాలకు ప్రొజెస్టిరాన్ తయారుచేసే పని మాయ (ప్లాసెంటా) చేతికి వస్తుంది.

మిఫెప్రిస్టోన్ మింగినా రక్తంలో ప్రొజెస్టిరాన్ ఉంటూనే ఉంటుంది, కూర్చునే చోటే దొరకదు. ఈ మందు రిసెప్టర్‌ను ప్రొజెస్టిరాన్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. దాని అణువుకు పక్కకు పొడుచుకొచ్చిన ఒక కొమ్మ ఉంది. అది అడ్డుపడటంతో రిసెప్టర్ పనిచేసే రూపంలోకి ముడుచుకోలేదు. పొర బలహీనపడి పిండం పట్టు వదులుతుంది, ముఖద్వారం మెత్తబడుతుంది. గర్భసంచిని బిగించే ప్రోస్టాగ్లాండిన్లకు కండరం బాగా స్పందించడం మొదలుపెడుతుంది. అందుకే 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్ ఇచ్చిన 24 నుంచి 48 గంటలకు, ప్రోస్టాగ్లాండిన్ రకానికే చెందిన మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు ఇస్తారు. ఈ రెండోది కడుపులో అల్సర్ కోసం పుట్టిన మందు.

తమాషా ఏమిటంటే మొదటిది కూడా అబార్షన్ కోసం పుట్టలేదు. 1980లో ఫ్రాన్స్‌లోని రూసెల్ ఉక్లాఫ్ కంపెనీలో జార్జ్ ట్యూష్ బృందం ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను అడ్డుకునే మందు వెతుకుతూ దీన్ని తయారుచేసింది. కార్టిసాల్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల సీట్లు పోలికలో దగ్గరివి కాబట్టి కర్చీఫ్ రెండింటి మీదా పడింది. దాన్ని గర్భం విషయంలో వాడాలని పట్టుబట్టినవాడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎతియెన్ ఎమిల్ బోల్యూ. 1988 సెప్టెంబరులో ఫ్రాన్స్ అనుమతిచ్చింది. నిరసనలకు జడిసి అక్టోబరులో కంపెనీ మందును వెనక్కి తీసుకుంది. రెండు రోజులకే ఆరోగ్యమంత్రి క్లోద్ ఎవాఁ, ఇది ఆడవాళ్ల నైతిక ఆస్తి అంటూ మళ్లీ అమ్మకానికి పెట్టించాడు. అమెరికా అనుమతి 2000లో, మన దేశంలో 2002లో వచ్చాయి.

మన చట్టం ప్రకారం ఈ మాత్రలు 9 వారాల లోపు గర్భానికి, అర్హత ఉన్న డాక్టరు రాసిస్తేనే వాడాలి. అయినా చీటీ లేకుండా మెడికల్ షాపులో కిట్ కొనేవాళ్లున్నారు. మింగడం సులువే, అసలు చిక్కు గర్భం ఎక్కడుందో తెలియకపోవడం. ట్యూబులో గర్భం ఉంటే ఈ మాత్రలు దాన్ని తీయలేవు. రక్తస్రావం మాత్రం అవుతుంది, పని అయిపోయిందనిపిస్తుంది. లోపల ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తుంది. కార్టిసాల్ తయారుచేసే ఎడ్రినల్ గ్రంథి దెబ్బతిన్నవాళ్లు, ఏళ్లతరబడి స్టెరాయిడ్లు వాడేవాళ్లు, రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. వేసుకున్నాక వరసగా రెండు గంటలపాటు గంటకు రెండేసి ప్యాడ్లు తడిసిపోతుంటే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

కలిశాక గర్భం రాకుండా వేసుకునే ఐ-పిల్‌తో దీన్ని కలిపేసేవాళ్లు ఎక్కువ. ఐ-పిల్‌లో ఉన్న లెవోనార్జెస్ట్రెల్ కర్చీఫ్ కాదు, ప్రొజెస్టిరాన్‌లాగే సీటులో కూర్చునే రకం. అండం విడుదలను వెనక్కి జరుపుతుంది, వచ్చిన గర్భాన్ని ఏమీ చేయదు. ఇక అబార్షన్ మాత్రలు వేసుకుంటే మళ్లీ పిల్లలు పుట్టరేమోనన్న టెన్షన్‌కు ఆధారం లేదు. నిజానికి సంగతి తలకిందులు. ఎనిమిదో రోజుకే మళ్లీ అండం విడుదల కావచ్చు.

గర్భసంచిలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డలకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ కూడా మేత. ఆ మేత ఆపితే గడ్డలు తగ్గుతాయి, రక్తస్రావం తగ్గుతుంది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే ఆడవాళ్ల లెక్కలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు మన రెండు రాష్ట్రాలనూ ముందు వరసలో చూపిస్తున్నాయి. కాబట్టి ఇలాంటి మాత్ర మనకు ఎంతో అక్కరకొస్తుందని నాకనిపిస్తుంది. యూరప్‌లో యులిప్రిస్టల్ అనే మందును ఇలాగే వాడారు. ఇది పూర్తి కర్చీఫ్ కాదు, సీటు అంచున సగం కూర్చునే రకం. కానీ కొద్దిమందిలో లివర్ పాడై, మార్పిడి చేయాల్సినంత దూరం వెళ్లింది. 2020 తర్వాత ఆపరేషన్ కుదరనివాళ్లకు, చేసినా ఫలితం లేనివాళ్లకు మాత్రమే పరిమితం చేశారు.

మిఫెప్రిస్టోన్ మాత్రం 2012లో పుట్టింటికి తిరిగొచ్చింది. కార్టిసాల్ మితిమీరే కుషింగ్ సిండ్రోమ్‌లో షుగరు పెరిగినవాళ్లకు రోజూ వేసుకునే మందుగా అమెరికా ఒప్పుకుంది. ఇక్కడ డాక్టర్లకో ఇబ్బంది ఉంది. మందు ఎంత బాగా పనిచేసినా రక్తపరీక్షలో కార్టిసాల్ తగ్గినట్టు కనిపించదు. సీటు దొరకనివాళ్లంతా బస్సులో నిలబడే ఉంటారు కదా! అందుకే షుగరు, బరువు, మొహం వాపు చూసి మోతాదు నిర్ణయిస్తారు. ఆడవాళ్లకైతే మొదలుపెట్టే ముందు గర్భం లేదని తేల్చుకుంటారు. వాడుతున్నన్నాళ్లూ గర్భసంచి పొర ఎంత మందమైందో కూడా గమనిస్తూ ఉంటారు. కార్టిసాల్ కోసం వేసిన కర్చీఫ్ ప్రొజెస్టిరాన్ సీటులోనూ పడి ఉంటుంది మరి.