సౌర ప్యానెల్ ధరను తగ్గించింది కాలం కాదు

"ప్యానెళ్లను ఓడల్లో వేల కిలోమీటర్ల నుంచి తెప్పించుకుంటే, ఆ పొగ పోగా పర్యావరణానికి మిగిలేదేముంది?" అని ఒక పాఠకుడు అడిగారు. ఓడ సంగతి ముందే తేల్చేద్దాం. ప్యానెల్ మీద పడే కార్బన్ లెక్కలో రవాణా వాటా చాలా చిన్నది. అసలు పొగంతా ఫ్యాక్టరీకి కరెంటిచ్చే బొగ్గు కేంద్రంలోనే ఉంది. తయారీలో వెలువడిన ఉద్గారాల బాకీని ప్యానెల్ సగటున 4 నుంచి 8 నెలల్లో తీర్చేస్తుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో లెక్కగట్టింది. అది పనిచేసేది 25, 30 ఏళ్లు.

ఆ ప్రశ్నలో నన్ను పట్టుకున్న మాట 'తెప్పించుకోవడం'. ప్యానెల్ చవకైన కథలో దాని పాత్ర ఏమిటో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1936లో థియోడర్ రైట్ అనే విమాన ఇంజనీరు ఒక సంగతి ప్రకటించాడు. అప్పటిదాకా తయారైన విమానాల మొత్తం సంఖ్య రెట్టింపైనప్పుడల్లా ఒక్కో విమానానికి పట్టే శ్రమ దాదాపు 20 శాతం తగ్గుతోంది. ఎన్నేళ్లు గడిచాయన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. సౌర ప్యానెళ్ల ధరకూ రమారమి ఇదే శాతం సరిపోయింది. 0.8ని పదిసార్లు హెచ్చవేయండి, 0.107 వస్తుంది. పదిసార్లు రెట్టింపు అంటే 1,024 రెట్లు. తయారైన సరుకు వెయ్యి రెట్లయితే ధర పదో వంతుకు దిగుతుందన్నమాట. "కొన్నాళ్లు ఆగితే అదే చవకవుతుంది" అనడం గ్రహబలం మీద భారం వేయడమే. అందరూ ఆగితే ఏదీ చవకవదు.

చిక్కేమిటంటే ఒక మెగావాటును రెండు చేయడానికి ఇంకో మెగావాటు చాలు. 500 గిగావాట్లను వెయ్యి చేయాలంటే మరో 500 గిగావాట్లు ఎవరో ఒకరు కొనాలి. సరిహద్దులు దాటిన గిరాకీ అక్కరకొచ్చేది ఇక్కడే. సౌర విద్యుత్తుకు 20 ఏళ్ల పాటు స్థిరమైన ధర చెల్లిస్తామని 2000లో జర్మనీ చట్టం చేసింది. ఆ ఖర్చు అక్కడి వినియోగదారుల బిల్లుల్లో పడింది, చవకదనం ప్రపంచమంతా పంచుకుంది. సిడ్నీలో సౌర ఘటాల పరిశోధకుడు మార్టిన్ గ్రీన్ దగ్గర చదివిన షీ జెంగ్‌రాంగ్ 2001లో చైనాలోని ఊషీలో సన్‌టెక్ కంపెనీ పెట్టాడు. చదువు ఆస్ట్రేలియాది, గిరాకీ జర్మనీది, తయారీ చైనాది.

మన పాఠాలు కాంతి సిలికాన్‌ను తాకడంతో ఆగిపోతాయి. ఆ సిలికాన్‌ను ఎలా కోస్తారో ఎవరూ చెప్పరు. నాకైతే అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది. దుంగ కోస్తే రంపపు పొట్టు రాలినట్టే సిలికాన్ దిమ్మెను కోసినా పొడి రాలుతుంది. పూర్వం ఉక్కు తీగ మీదికి సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన చిక్కటి ద్రవం పోస్తూ కోసేవాళ్లు. ఒక వేఫర్ (ప్యానెల్‌లో వాడే పల్చని సిలికాన్ బిళ్ల) తీస్తే దాదాపు అంత సిలికానూ పొడైపోయేది. తర్వాత వజ్రపు రేణువులు అంటించిన తీగ వచ్చింది. ఇప్పుడు దాని మందం 50 మైక్రాన్ల లోపే, వెంట్రుకకన్నా సన్నం. కోత వేగం పెరిగింది, పొడి తగ్గింది. అయితే కొత్త తీగ కోసిన బహుస్ఫటిక సిలికాన్ (అనేక స్ఫటికాలు కలిసి గడ్డకట్టినది) మరీ నున్నగా వచ్చేది. కాంతిని పట్టే గరుకుదనం కోసం ఆమ్లంలో ముంచితే ఆమ్లం దాన్ని సరిగా తినేది కాదు. దిమ్మెంతా ఒకే స్ఫటికంగా ఉండే ఏకస్ఫటికానికి వాడేది క్షారం కాబట్టి దానికి ఈ బెడద లేదు. బహుస్ఫటికం వెనకబడడానికి ఇదో ముఖ్య కారణం. ఆ తీగలు మొదట్లో జపాన్ నుంచి వచ్చేవి, తర్వాత చైనాలోనే తయారయ్యాయి. యంత్రమో తీగో కొన్నప్పుడు దాంతోపాటు నేర్పూ కొంత దిగుమతవుతుంది.

యూరప్ 2013 నుంచి 2018 దాకా చైనా ప్యానెళ్లకు కనీస ధర పెట్టి అడ్డుకట్ట వేసింది. పర్యావరణ సరుకుల మీద సుంకాలు ఎత్తేద్దామని కొన్ని ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) సభ్యదేశాలు 2014లో మొదలుపెట్టిన చర్చలు 2016 డిసెంబరులో ఆగిపోయాయి. పూర్తిగా తలుపు మూసుకున్న దేశం, పక్కవాళ్లు ఎప్పుడో దాటేసిన రెట్టింపులను తన ఖర్చుతో మళ్లీ దాటాల్సి వస్తుంది. అలాగని అంతా ఒక్కచోటే తయారవడమూ క్షేమం కాదు. తయారీలోని ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతం పైనే. సిలికాన్ దిమ్మెలకు ముడిసరుకైన శుద్ధ సిలికాన్‌కు, అంటే పాలీసిలికాన్‌కు కొరత వచ్చిన 2008లో కిలో ధర 400 డాలర్లు దాటింది. ఒక్క మెట్టు దగ్గర ఇరుకైతే గొలుసంతా ఎలా బిగుసుకుంటుందో అప్పుడే తెలిసొచ్చింది. నన్నడిగితే ప్యానెళ్ల మీద సుంకం వేసేకన్నా పాలీసిలికాన్‌కు రెండో, మూడో చోటు చూసుకోవడం మేలు. ఆ చోటు జలవిద్యుత్తు ఉన్నదైతే బొగ్గు పొగా తప్పుతుంది. సుంకాలు మాత్రం ఇంకా ధరనే చూస్తున్నాయి, పొగను చూడటం లేదు. సరిహద్దులో కార్బన్‌కు వెల కట్టే యూరప్ పన్ను మొదలైనప్పుడు ఆ జాబితాలో సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, విద్యుత్తు, హైడ్రోజన్ ఉన్నాయి. పాలీసిలికాన్ లేదు.