గర్భిణికి సవాయి: రెండు ఊళ్ల మధ్య జారిపోయే సూది

మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆనవాయితీ. చీమకుర్తిలో కాపురం, కావలిలో పుట్టిల్లు అనుకుందాం. మూడో నెల రక్తపరీక్ష చీమకుర్తిలో, ఏడో నెల నుంచి చూపించుకునేది కావలిలో. సవాయి, అంటే సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్నట్టు తేలిన గర్భిణికి వైద్యం మధ్యలో తెగిపోవడానికి ఈ ప్రయాణం చాలు.

జబ్బు మనకు పాతదే. 16వ శతాబ్దంలో ఆయుర్వేద పండితుడు భావమిశ్రుడు దీన్ని ఫిరంగ రోగమన్నాడు. పరంగివాళ్లతో వచ్చిందని ఆ పేరు. చాలాకాలం పాదరసమే మందు. 1905లో క్రిమి కనబడింది, 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష, 1910లో ఎర్లిక్ తయారుచేసిన ఆర్సెనిక్ మందు సాల్వర్సాన్ వచ్చాయి. నెలల తరబడి సూదులు, వాటి విషప్రభావం భరించాలి. 1943లో జాన్ మహోనీ బృందం పెన్సిలిన్‌తో నలుగురికి నయం చేయడంతో దారి మారింది. 1950ల్లో వచ్చిన బెంజథైన్ పెన్సిలిన్ ఒక్క సూదితో వారాలపాటు రక్తంలో నిలుస్తుంది. కడుపులో బిడ్డకూ పనిచేస్తుందని రుజువైన మందు నేటికీ పెన్సిలినే.

మాయ నాలుగో నెల దాకా క్రిమిని ఆపుతుందని ఒకప్పుడు నమ్మేవారు. 9, 10 వారాల పిండాల్లోనే క్రిమి ఉంటుందని 1976లో తేలింది. అందుకే నెల తప్పిందని తెలియగానే పరీక్ష చేయాలి. ఐదో నెల దాకా ఆగితే నష్టం బిడ్డకే. వైద్యం అందకపోతే సగానికి పైగా గర్భాలు గర్భస్రావమో, మృత శిశువో, నెలలు నిండని కాన్పో, జబ్బుతో పుట్టిన బిడ్డో అవుతాయి.

మోతాదు 24 లక్షల యూనిట్లు, పిరుదు కండలోకి లోతుగా. తొలిదశ అయితే ఒక్కసారి. ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. రెండు సూదుల మధ్య 9 రోజులు దాటితే మళ్లీ మొదటి నుంచే. కాన్పుకు 30 రోజుల ముందే వైద్యం మొదలవ్వాలి, లేకుంటే బిడ్డకు రక్షణ చాలినట్టు లెక్కించరు. పొడి మందును నీటితో బాగా కలపకపోయినా, సన్నని సూది వాడినా మందు అడ్డుపడి సగమే లోపలికి పోతుంది. తొలి 24 గంటల్లో జ్వరం, పొత్తికడుపు బిగుసుకోవడం రావచ్చు. అది క్రిములు చావడం వల్ల. ఆస్పత్రికి రావాలి, మందు మాత్రం మానకూడదు.

పెన్సిలిన్ రియాక్షన్ భయంతో పై ఆస్పత్రికి పంపేస్తే విలువైన వారం పోతుంది. రియాక్షన్‌కు విరుగుడైన అడ్రినలిన్ సూదిమందు సిద్ధంగా ఉంచుకుని, సూది వేశాక అరగంట కూర్చోబెట్టడం మేలు. బదులుగా అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ ఇవ్వడం ఇంకా పెద్ద పొరపాటు: అవి మాయ దాటి చాలినంతగా బిడ్డకు చేరవు. డాక్సీసైక్లిన్ గర్భిణికి పనికిరాదు. నిజంగా పెన్సిలిన్ పడకపోతే పెద్దాసుపత్రిలో చేర్చి, కొద్దికొద్దిగా మోతాదు పెంచి అలవాటు చేసి ఇస్తారు.

చీమకుర్తిలో ఉన్న భర్తకూ సురక్ష క్లినిక్‌లో, అంటే సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ క్లినిక్‌లో, వైద్యం జరగాలి. లేకపోతే ఆమెకు మళ్లీ సోకుతుంది. అక్కడికక్కడే ఫలితం చెప్పే కార్డు పరీక్ష నయమయ్యాక కూడా పాజిటివ్‌గానే చూపిస్తుంది కాబట్టి వీడీఆర్‌ఎల్ అనే రక్తపరీక్షలో టైటర్, అంటే రక్తంలోని ప్రతిరక్షకాల స్థాయి, తగ్గుతోందో లేదో చూడాలి. మాతాశిశు రక్షణ కార్డులో ఆ టైటర్, వేసిన ప్రతి సూది తేదీ, ఎన్నో సూదో, భర్తకు వైద్యం జరిగిందో లేదో రాసి పంపితే, కావలిలో ఏఎన్‌ఎం తర్వాతి సూది ఏ రోజు వేయాలో చూసుకోగలదు.